చర్చి వెనక ఆరు నిమిషాలు

మా క్లబ్‌లో మలుపు దగ్గర ఆగి దారి చూపించే మనిషిని మార్కర్ అంటాం. పద్ధతి ఇది. ముందు కెప్టెన్ వెళ్తాడు. మలుపు వచ్చినప్పుడు కెప్టెన్ వెనక ఉన్న బండి ఆగుతుంది. ఆ బండి మీది మనిషి ఎటు తిరగాలో చేత్తో చూపిస్తూ అక్కడే ఉంటాడు. అందరికన్నా చివర ఆరెంజ్ వెస్ట్ వేసుకుని టెయిల్ వస్తాడు. టెయిల్ వచ్చాకే మార్కర్ కదలాలి. మలుపు దగ్గర మార్కర్ లేకపోతే తిన్నగా పోవాలి. ఫోన్‌లో మ్యాప్ చూసుకోనక్కర్లేదు, ముందు బండిని అందుకోవాలని వేగం పెంచనక్కర్లేదు. అమెరికాలోని ఈ జార్జియా కొండల్లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. అందుకని కమ్మింగ్ తెలుగు రైడర్స్ మొదలైన రోజు నుంచీ ఇలాగే నడుస్తున్నాం.

ఈ పద్ధతిని కాగితం మీద రాసింది నేను. నా పేరు ఫణి. వయసు నలభై మూడు. ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. క్లబ్‌కి సెక్రటరీని. కొత్తగా చేరేవాళ్ళ దగ్గర మోటార్‌సైకిల్ లైసెన్స్ కాపీ తీసుకోవడం, రైడ్ ముందు బ్రీఫింగ్ ఇవ్వడం, రైడ్ అయ్యాక వాట్సాప్ గ్రూప్‌లో రిపోర్ట్ పెట్టడం నా పనులు.

ఇరవై ఆరు మంది లైసెన్స్ కాపీలు నా లాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్‌లో ఉండేవి. అందులో నాది లేదు. నాకు లైసెన్స్ లేదు. ఉన్నది లెర్నర్ పర్మిట్. టెస్ట్‌లో పెట్టెలాగా గీసిన గీతల మధ్య బండిని యూ-టర్న్ తిప్పాలి. కాలు కింద పెట్టకూడదు, గీత దాటకూడదు. విజయవాడలో పదిహేనేళ్ళు బండి నడిపినవాణ్ణి. మొదటిసారి కాలు పెట్టాను. రెండోసారి గీత దాటాను. మూడోసారి వెళ్ళలేదు. పర్మిట్ రెన్యూ చేసుకుంటూ వచ్చాను. పర్మిట్ మీద ఫ్రీవే ఎక్కకూడదు. ప్రతి రైడ్‌కీ ఎక్కాను. సెక్రటరీ లైసెన్స్ ఎవరూ అడగలేదు.

కొండల్ రావు గారు మే నెలలో చేరారు. అరవై నాలుగేళ్ళు. జనగామలో కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరై, గ్రీన్ కార్డు మీద మూడేళ్ళ కింద కూతురు నీహారిక దగ్గరికి వచ్చేశారు. కారు నడపరు. వచ్చిన రెండో ఏడు బుల్లెట్ కొనుక్కున్నారు. గుడికి, లైబ్రరీకి, కూరగాయలకి దాని మీదే వెళ్ళేవారు. నాకు లైసెన్స్ కాపీ ఇచ్చిన రోజు నవ్వుతూ అన్నారు.

"ఆ టెస్ట్‌కు ఇద్దరు పిలగాళ్ళు భయపడుతున్నరు ఫణీ. బాక్సుల బండి తిప్పుడు పెద్ద పనా? గల్లీలల్ల తిప్పినోళ్ళం."

"అంతేగా అంకుల్" అన్నాను.

మొదటి బ్రీఫింగ్‌లో నేను మార్కర్ సంగతి చెప్తుంటే ఆయన మధ్యలో ఆపారు.

"ఇది మా ఎల్సీ లెక్కనే ఉంది."

ఎల్సీ అంటే లైన్ క్లియర్. స్తంభం ఎక్కే ముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి దాన్ని తీసుకుంటాడు. ఆపరేటర్ ఆ లైన్‌కి కరెంటు ఆపేసి రిజిస్టర్‌లో నంబర్ రాస్తాడు. పని అయ్యాక తీసుకున్న మనిషే ఎల్సీ వాపస్ చేయాలి. అప్పటిదాకా, ఎమ్మెల్యే ఫోన్ చేసినా సరే, ఆపరేటర్ స్విచ్ వెయ్యకూడదు.

"ముప్పై నాలుగేండ్లు చేసిన" అన్నారు. "ఆ ఆపరేటర్ మీద నమ్మకంతోనే పైన వైరు పట్టుకుంటం. ఇంకేం లేదు."

"అతను మర్చిపోతే అంకుల్?" అని కౌశిక్ అడిగాడు. కౌశిక్ మాలో అందరికన్నా చిన్నవాడు, ఇరవై ఎనిమిదేళ్ళు.

"మర్చిపోయేటోడు ఆ కుర్చీల కూసోవద్దు."

ఆ మాట బాగుందని బ్రీఫింగ్‌లో చేర్చుకున్నాను. ఆ తర్వాత ప్రతి రైడ్ ముందు నేనే చెప్పేవాణ్ణి.

అక్టోబర్ రెండో శనివారం పదకొండు బండ్లతో బయల్దేరాం. ఏడున్నరకు ఇండియన్ స్టోర్ వెనక పార్కింగ్‌లో కలిశాం. కెప్టెన్ చక్రధర్ ఇంటి నుంచి ఇడ్లీలు తెచ్చాడు. బండి డిక్కీ మీద డబ్బా పెట్టి అందరం నిలబడే తిన్నాం.

"అంకుల్, మీ బుల్లెట్ చప్పుడుకి పొద్దున్నే మా వీధిలో కుక్కలన్నీ లేచాయి" అన్నాడు కౌశిక్.

"లేవనియ్యి. నీది బండేనా, మిక్సీనా? వస్తున్నదో లేదో గూడ తెల్వది."

"అందుకే మిక్సీని ఇవాళ టెయిల్‌లో పెడుతున్నా" అన్నాడు చక్రధర్. "వెనకాల ఉంటే మనకి ప్రశాంతం. అంకుల్, మీరు కౌశిక్ ముందు ఉండండి. ఫణీ, నువ్వు నా వెనకాల."

డహ్లోనెగా ఊరు దాటాక తొమ్మిది మైళ్ళకు ఒక మలుపు ఉంది. ఎడమకు తిరిగితే కెయిన్ మిల్ రోడ్డు, మేము భోజనానికి ఆగే పార్క్ అటే. తిన్నగా పోతే ఏడు మైళ్ళకు తారు అయిపోయి కంకర మొదలవుతుంది. మూలన ఒక చర్చి, దాని ముందు బోర్డు. చక్రధర్ ఎడమకు తిరిగాడు. రెండో బండి నాది కాబట్టి బోర్డు కింద ఆగాను. టైమ్ పది యాభై రెండు. పచ్చ జాకెట్ వేసుకున్నాను, దూరం నుంచి కనపడాలని మార్కర్ల కోసం మేమంతా కొన్నది. ఎడమ చెయ్యి చాపాను. ఏడు బండ్లు వచ్చాయి, ఏడూ తిరిగాయి. ఇంకా రెండు రావాలి. కొండల్ రావు గారు, కౌశిక్.

పది యాభై ఆరుకు ఎదుటి వైపు నుంచి ఒక పోలీస్ కారు వచ్చి రోడ్డుకు అవతల అంచున ఆగింది. ఇంజిన్ ఆపలేదు. లోపల ఆఫీసర్ ఒక్కడే ఉన్నాడు. తల వంచుకుని ఉన్నాడు.

దిగి వచ్చి లైసెన్స్ అడుగుతాడనుకున్నాను. ఇక్కడికి ఎలా వచ్చావని అడుగుతాడు, ఫ్రీవే మీద వచ్చానని చెప్పాలి. మా గ్రీన్ కార్డు అప్లికేషన్ ఫైల్ చేసి అప్పటికి ఏడాదిన్నర. ట్రాఫిక్ టికెట్ వల్ల ఎవరి కేసయినా ఆగిందా అని నేను ఆన్‌లైన్‌లో చాలాసార్లు వెతికాను. ఏమీ కాదని తొమ్మిది మంది రాస్తే, పదో మనిషి ఏదో అయిందని రాసేవాడు. నాకు పదో మనిషే గుర్తుండేవాడు.

బండి స్టార్ట్ చేసి చర్చి వెనక పార్కింగ్‌లోకి వెళ్ళాను. ఇంజిన్ ఆపాను. ఎవరైనా చూస్తే చర్చికి వచ్చిన మనిషి అనుకోవాలని హెల్మెట్ తీసి సీటు మీద పెట్టాను. అక్కడ రెండు ఏసీ యూనిట్లు, ఒక బాస్కెట్‌బాల్ స్తంభం ఉన్నాయి. రోడ్డు కనపడదు. బండి గడియారంలో పది యాభై ఏడు. కాసేపటికి ముందు రోడ్డు మీద ఒక బండి వెళ్ళిన చప్పుడు వినపడింది. బయటికి వచ్చి చూడలేదు.

పదకొండు మూడుకు గోడ చివరి దాకా నడిచి తొంగి చూశాను. పోలీస్ కారు లేదు. హెల్మెట్ పెట్టుకుని మళ్ళీ బోర్డు కిందికి వచ్చి చెయ్యి చాపాను. పదకొండు ఏడుకు ఆరెంజ్ వెస్ట్ వచ్చింది. కౌశిక్ ఒక్కడే. అంతా సరేనా అన్నట్టు తల ఊపాడు. బొటనవేలు చూపించాను. ఇద్దరం ఎడమకు తిరిగాం.

పార్క్‌లో పులిహోర డబ్బాలు తెరుస్తున్నారు. చక్రధర్ బండ్లు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"కొండల్ రావు గారేరి?"

"మీతో లేరా?" అన్నాడు కౌశిక్. "నా బ్యాగ్ పట్టీ ఊడితే డహ్లోనెగా అవతల ఆగాను. నా ముందున్న ఆయన ఆగకుండా వెళ్ళిపోయారు. నాకన్నా ఐదారు నిమిషాలు ముందున్నారు."

అందరూ నావైపు చూశారు. మార్కర్‌ని నేనే.

"తిన్నగా వెళ్ళారు" అన్నాను. "నేను చెయ్యి చూపించాను. చూసుకోలేదు."

అది నోటికి ఎలా వచ్చిందో చెప్పలేను. ఆయన తిన్నగా వెళ్ళారన్నది మాత్రం నిజం. వెతకాల్సింది అటే. ఆ మాట చెప్పడానికి రెండో మాట అవసరం లేదు.

"నాకు థమ్సప్ ఇచ్చావు కదన్నా" అన్నాడు కౌశిక్.

"వెనక్కి తిరిగొస్తారనుకున్నా."

"వెనకాల వెళ్ళి హారన్ కొట్టాల్సింది" అని ఎవరో అన్నారు.

"ఎలా వెళ్తాడండీ, మార్కర్ పోస్ట్ వదలకూడదు కదా" అన్నాడు చక్రధర్. "ఫణి చేసింది కరెక్టే."

నేను హెల్మెట్ పెట్టుకున్నాను.

నలుగురం తిన్నగా పోయే రోడ్డు పట్టుకుని వెళ్ళాం. కంకర మొదలయ్యాక రోడ్డు రెండుగా చీలింది. మేము తప్పు వైపు వెళ్ళి, తిరిగొచ్చాం. ఆయన రెండో వైపు, ఒక వంపులో పడి ఉన్నారు. బండి కుడి కాలి మీద పడిందట. మా కన్నా ముందు గడ్డి మోపులు తీసుకెళ్తున్న ఒక రైతు చూశాడు. బండిని లేపి, సిగ్నల్ దొరికే దాకా ట్రక్కులో వెళ్ళి అంబులెన్స్‌కి ఫోన్ చేసి, తిరిగొచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. మేము చేరేసరికి ఒకటీ ఇరవై. కొండల్ రావు గారు రెండు గంటలు ఆ కంకర మీద ఉన్నారు.

అంబులెన్స్ వాళ్ళు స్ట్రెచర్ మీద పెడుతుంటే చక్రధర్‌తో అన్నారు. "మీ అందరి పండుగ ఖరాబు చేసిన."

ఆ రోజు సాయంత్రం నేను రిపోర్ట్ పెట్టాను. "పదకొండు బండ్లు. నూట పద్దెనిమిది మైళ్ళు. కెయిన్ మిల్ రోడ్డు మలుపు దగ్గర ఒక రైడర్ మార్కర్‌ను గమనించక తిన్నగా వెళ్ళడం వల్ల ప్రమాదం జరిగింది. చీలమండ దగ్గర ఎముక విరిగింది. ప్రాణాపాయం లేదు." కింద ఇరవై రెండు మంది దండం బొమ్మలు పెట్టారు.

మర్నాడు హాస్పిటల్‌కి వెళ్ళాను. కాలికి కట్టు ఉంది. నీహారిక కుర్చీలో కూర్చుని ఇన్సూరెన్స్ వాళ్ళతో ఫోన్‌లో మాట్లాడుతోంది.

"ఫణీ, ఒకటి అడుగుత" అన్నారు కొండల్ రావు గారు. "నిన్ను చూసినట్టు నాకు యాదికి లేదు. చర్చి యాదికున్నది. బోర్డు యాదికున్నది. నువ్వు లేవు. మార్కర్ లేడు గద అని తిన్నగ పోయిన. ఉన్నవా నువ్వు గాడ?"

నీహారిక ఫోన్ చెవి దగ్గర నుంచి దించింది.

"ఉన్నాను అంకుల్" అన్నాను.

"మంచిగ ఆలోచన చేసి చెప్పు."

"ఉన్నాను. కౌశిక్ కూడా చూశాడు."

కౌశిక్ చూశాడు. అది కూడా నిజమే.

ఆయన కట్టు వైపు చూసుకున్నారు. "అయితే నాకే కనవడలే" అన్నారు.

తర్వాతి వారాల్లో జరిగినవి నాకు నీహారిక ఫోన్లలో తెలిశాయి. ఆమె నన్ను నమ్మి చెప్పుకునేది. ఆగస్టులో వాళ్ళ బాపు స్టవ్ ఆపకుండా వాకింగ్‌కి వెళ్ళాడట. అప్పుడు పట్టించుకోలేదట. మెయిల్‌బాక్స్ తాళం ఒకసారి పోగొట్టాడట. మనవరాలిని ఇంకో మనవరాలి పేరుతో పిలుస్తాడట.

"అవన్నీ మామూలే కదండీ" అన్నాను.

"నేనూ అట్లనే అనుకున్న ఫణి గారూ. కానీ మీరు పచ్చ జాకెట్ వేసుకొని ఎదురుంగ నిలబడితే కనపడకపోవుడేంది? కనపడిందేమో, మర్చిపోయిండేమో. రెండిట్ల ఏదైనా భయమే కద."

నవంబర్‌లో న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళింది. గడియారం బొమ్మ వెయ్యమన్నారు. వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మన్నారు. ఐదు మాటలు చెప్పి, కాసేపయ్యాక అడిగారు. ఆయన నాలుగు చెప్పారు. వయసుకు ఇది మామూలే అని డాక్టర్ అన్నాడు. ఆరు నెలల తర్వాత మళ్ళీ రమ్మన్నాడు. నీహారికకు ఆ రెండో ముక్కే వినపడింది.

క్లబ్‌లో వయసు పరిమితి మాట వచ్చింది. అరవై దాటిన వాళ్ళు సోలోగా రాకూడదని, వెనక సీటు మీద రావచ్చని. ఓటింగ్ పెట్టారు. పద్నాలుగు మంది అవునన్నారు. రూల్ రాయమని సెక్రటరీకి అప్పజెప్పారు. రాశాను. నాలుగు లైన్లు.

ఒకసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు డైనింగ్ టేబుల్ మీద ఒక నోట్‌బుక్ ఉంది. ఆయన చేతిరాత. "8:10 గోలి వేసుకున్న. 8:40 స్టవ్ బంద్ చేసిన, చూసిన. 9:05 స్టవ్ మళ్ళ చూసిన." సబ్‌స్టేషన్ రిజిస్టర్ లాగా స్కేలుతో గీతలు కొట్టారు.

ఇంటికి వచ్చి నా భార్య శ్రీవిద్యకు ఆ నోట్‌బుక్ సంగతి చెప్పాను. "పాపం" అంది. పర్మిట్ సంగతి ఆమెకు తెలుసు. చర్చి సంగతి తెలియదు. చెబుదామని నోరు తెరిచి, రేపటి లంచ్ బాక్స్‌లోకి ఏమిటని అడిగాను.

నవంబర్ ముప్పైన, శనివారం, నీహారిక పిలిచింది. బుల్లెట్‌కి బేరం కుదిరింది. కొనేవాళ్ళు గేన్స్‌విల్‌లో ఉంటారు.

"మీరు నడుపుకుంటూ వెళ్ళి ఇచ్చేస్తారా? నేను వెనకాల కార్‌లో వచ్చి మిమ్మల్ని తీసుకొస్త. లైసెన్స్ ఉన్నోళ్ళు నాకు మీరే తెలుసు."

వస్తానన్నాను.

పదకొండింటికి వెళ్ళాను. గరాజ్ తలుపు ఎత్తి ఉంది. కొండల్ రావు గారు విరిగిన కాలికి హాస్పిటల్ వాళ్ళిచ్చిన బూట్ వేసుకుని, స్టూల్ మీద కూర్చుని, బట్టతో ట్యాంక్ తుడుస్తున్నారు. నీహారిక కారు తాళాల కోసం లోపలికి వెళ్ళింది. ఆయన జేబులోంచి బండి తాళం తీసి నా చేతిలో పెట్టారు.

"చోక్ లేకుంట స్టార్ట్ గాదు పొద్దున. జర ఓపిక పట్టాలె."

"సరే అంకుల్."

"నీకొకటి చెప్పాలె." గొంతు తగ్గించారు. "యాదికొచ్చింది."

"ఏంటంకుల్?"

"నువ్వు. మొన్న పూజ చేసుకుంట కూసుంటె యాదికొచ్చింది. చర్చి బోర్డు కింద ఉన్నవ్. పచ్చ జాకెట్. ఎడమ చెయ్యి ఇట్ల చాపినవ్." చెయ్యి చాపి చూపించారు. బట్ట ఆ చేతిలోనే ఉంది. "నేనే ఏదో ఆలోచన చేస్కుంట పోయిన. నీహారికకు చెప్పిన. సంబరపడ్డది. అంటె పూర్తిగ పోలేదన్నట్టు. మెల్లగ వస్తది."

ఆయన నవ్వుతున్నారు. లేనిదాన్ని గుర్తు తెచ్చుకోవడానికి నలభై తొమ్మిది రోజులు పట్టింది ఆయనకు.

"అంకుల్, నేను అక్కడ లేను" అన్నాను.

"యాడ?"

"బోర్డు కింద. మీరు వచ్చినప్పుడు నేను లేను. చర్చి వెనక ఉన్నాను."

చాపిన చెయ్యి దించారు. బట్టని మడిచి ట్యాంక్ మీద పెట్టారు.

"ఎంతసేపు?"

"ఆరు నిమిషాలు."

"ఎందుకు?"

చెప్పాను. పోలీస్ కారు, పర్మిట్, రెండుసార్లు ఫెయిలవడం, ఫ్రీవే, గ్రీన్ కార్డు. చెప్తుంటే ఒక్కొక్కటీ చిన్నదైపోయింది.  అయిపోయాక ఆయన అడిగారు.

"బండి సప్పుడు వినవడ్డదా నీకు?"

"వినపడింది."

"నా బండి సప్పుడు నీకు తెలుసు గద."

"తెలుసు."

"మలుపు తిరిగే బండి గేరు దించుతది. నేను దించిన్నా?"

దాచుకుందామనుకున్నది ఆ ఒక్కటే. నాకు నేను కూడా చెప్పుకోలేదు.

"దించలేదు అంకుల్."

"అంటె తిన్నగ పోయిన్నని నీకు అప్పుడే తెలుసు."

"తెలుసు."

"కౌశిక్ వచ్చినప్పుడు తెలుసు."

"తెలుసు."

"ఆ పిలగానికి బొటనవేలు చూపించినవట."

ఆయన స్టూల్ మీద నుంచి లేవబోయారు. పట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టారు. కర్ర పట్టుకుని తనే లేచి, ఇంట్లోకి తలుపు తీశారు.

"బిడ్డా, ఇటు రా."

నీహారిక వచ్చింది.

"ఈయన ఒకటి చెప్తడు, విను. ఫణీ, మళ్ళ చెప్పు. మొత్తం చెప్పు. గేరు సంగతి గూడ చెప్పు."

మళ్ళీ చెప్పాను. రెండోసారి చెప్తే తేలికవుతుందనుకున్నాను. కాలేదు. నీహారిక తలుపు పట్టుకుని నిలబడి వింది. అరవలేదు.

"రోజూ స్టవ్ దగ్గర నిలబడి రాసుకుంటున్నడు ఫణి గారూ" అంది. "మీరు చూసిండ్రు కద ఆ బుక్."

"చూశాను."

"చూసి ఇంటికి పోయిండ్రు."

"అవును."

"నేను మీకు ఫోన్ చేసి ఏడ్చిన. మీరు మామూలే కదండీ అన్నరు." చెయ్యి చాపింది. "తాళం ఇటియ్యండి. లైసెన్స్ లేకుండ ఆ బండి ఎట్ల తీస్కపోదామనుకున్నరు?"

తాళం ఇచ్చాను. 

కొండల్ రావు గారు నావైపు చూడడం లేదు. కూతురితో అన్నారు. "చర్చి యాదికుంది అన్న. బోర్డు యాదికుంది అన్న. మనిషి లేడు అన్న. మొదటి రోజే అన్న గద?"

"అన్నవు బాపూ."

"దవఖానల గూడ అన్న."

"అన్నవు."

ఆ మధ్యాహ్నం గ్రూప్‌లో అక్టోబర్ రిపోర్ట్ సరిచేసి పెట్టాను. పది యాభై ఏడు నుంచి పదకొండు మూడు దాకా ఎక్కడ ఉన్నానో రాశాను. నాకు లైసెన్స్ లేదని రాశాను. ఎవరూ ఏమీ పెట్టలేదు. చదివినట్టు మాత్రం ఇరవై ఐదు మంది పేర్లు కనపడ్డాయి. గంట తర్వాత చక్రధర్ ఫోన్ చేశాడు.

"అందరి లైసెన్సులూ నువ్వే కదా తీసుకున్నది."

"అవును."

"మా తమ్ముడి కాపీ మసగ్గా ఉందని వెనక్కి పంపావు గుర్తుందా?"

"గుర్తుంది."

"పోస్ట్ వదలకూడదు కదా అని నిన్ను వెనకేసుకొచ్చాను నేను. అందరి ముందూ. ఆ ఫోల్డర్ కౌశిక్‌కి పంపించెయ్" అని పెట్టేశాడు.

బుల్లెట్ ఆ వారమే అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళు ట్రైలర్ తెచ్చుకున్నారు. నిజం తెలిశాక ఉంచుతారేమో అనుకున్నాను. గుర్తున్నా లేకపోయినా రెండు గంటలు ఆ కంకర మీద పడి ఉన్నాడు కదా అని నీహారిక అందట. ఆయన కాదనలేదట. ఇప్పుడు గుడికి వెళ్ళాలంటే కూతురికి సెలవుండే శనివారం కోసం చూస్తారు.

గురువారం కొండల్ రావు గారి నుంచి ఫోన్ వచ్చింది.

"శనివారం పదిన్నరకు ఆ చర్చి కాడికి రా. పచ్చ జాకెట్ ఏసుకొని రా."

కార్‌లో వెళ్ళాను. నీహారిక కారు అప్పటికే చర్చి ముందు ఆగి ఉంది. ఆయన కర్ర పట్టుకుని రోడ్డు అంచున నిలబడి ఉన్నారు. చెట్లకు ఆకులు లేవు. నన్ను చూసి పలకరించలేదు. వచ్చిన దారి వైపు ఒకసారి, తిన్నగా పోయే దారి వైపు ఒకసారి చూశారు. బోర్డు దగ్గరికి నడిచి దాని కాలు మీద చెయ్యి పెట్టారు.

"ఈడ ఆగినవా?"

"ఇక్కడే."

"వెనక ఏడ దాక్కున్నవ్?"

చూపించాను. గోడ చివరి దాకా వచ్చి, ఏసీ యూనిట్లు, బాస్కెట్‌బాల్ స్తంభం చూసి, తిరిగి రోడ్డు వైపు చూశారు.

"ఈడికెళ్ళి ఏం కనవడది" అన్నారు.

"కనపడదు అంకుల్."

మళ్ళీ ముందుకు వచ్చాక నన్ను బోర్డు కింద నిలబెట్టారు. చెయ్యి చాపమన్నారు. చాపాను.

"మేము వెనకకు పోయి మళ్ళ వస్తం. ఆ రోజు వచ్చినట్టే వస్తం. నువ్వు ఉంటె ఎట్ల కనవడ్తవో నేను చూడాలె."

"సరే."

"కదలకు. ఎల్సీ తీస్కుంటున్న నీ దగ్గర. నేను వాపస్ ఇచ్చేదాంక ఉండు."

నీహారిక నావైపు చూడకుండా తలుపు తెరిచి పట్టుకుంది. కారు డహ్లోనెగా వైపు వెళ్ళింది. టైమ్ పది నలభై ఐదు.

పది నిమిషాలకు వస్తారనుకున్నాను. రాలేదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. చలికి వేళ్ళు బిగుసుకున్నాయి. చెయ్యి మార్చకూడదు, ఎడమ మలుపుకి ఎడమ చెయ్యే. పదకొండు పదికి ఒక పికప్ ట్రక్ ఆగింది. అందులో ఆడమనిషి అద్దం దించి, దారి తప్పావా అని అడిగింది. లేదు, ఒకరి కోసం చూస్తున్నానన్నాను. నా చెయ్యి వైపు చూసింది. అద్దం ఎత్తుకుని వెళ్ళిపోయింది.

పదకొండు ఇరవై ఐదుకు కారు వచ్చింది. దూరం నుంచే నిదానించింది. ముందు సీట్లో కొండల్ రావు గారు అద్దానికి దగ్గరగా వంగి ఉన్నారు. నన్ను చూశారు. జాకెట్‌ని, చేతిని, బోర్డుని చూశారు. ఆయన పెదాలు కదిలాయి. నీహారికతో ఏదో అన్నారు. ఆమె తల ఊపింది. కారు ఎడమకు తిరిగి కెయిన్ మిల్ రోడ్డు మీద పైకి వెళ్ళింది.

ఆగుతారనుకున్నాను. ఆగలేదు. కారు చప్పుడు వంపు దాటేదాకా వినపడింది, తర్వాత వినపడలేదు. వెనకాల టెయిల్ ఎవరూ లేరు. ఎల్సీ ఇంకా వాపస్ రాలేదు.

చెయ్యి చాపి అక్కడే ఉన్నాను.